తడి గోనెపట్టా

ఐటీ ఉద్యోగాలు ఊపందుకున్న ఆ రోజుల్లో, మెహదీపట్నం నుంచి చేవెళ్ల పోయే బస్సులో వారానికొకసారి నేను ఒళ్లో ఐస్ ముక్కలు నింపిన థర్మోకోల్ డబ్బా పెట్టుకుని కూర్చునేదాన్ని. నాది రసాయన శాస్త్రం. పక్క సీట్లో ఉండే సహచరుడిది సామాజిక శాస్త్రం. కోస్తా నుంచి వచ్చి నగరంలో స్థిరపడ్డవాడు. మేమిద్దరం కలిసి పనిచేసిన పరిశోధన పేరు చాలా పెద్దది. ప్రకృతిని పాడుచేయని జీవనం వైపు సమాజం ఎలా మారుతుందన్నది దాని సారాంశం. పండించే ఊరూ కొనుక్కునే నగరమూ కలిసి మారగలవా అన్నది అందులో మా వాటాకు వచ్చిన ప్రశ్న.

"సమాజం మారిందని ఏ పరికరంతో కొలుస్తారు?" అని నేను అడిగేదాన్ని.

"మనుషులతో మాట్లాడతామండీ" అనేవాడు ఆయన.

నాకది కొలతలా వినిపించేది కాదు. మొయినాబాద్‌లో బస్సు ఆగి, కిటికీలోంచి చాయ్ గ్లాసులు చేతికందేదాకా ఆ వాదన సాగేది. ఇప్పుడు తలుచుకుంటే, ఆ చాయ్ రుచి కన్నా ఆ వాదన రుచే ఎక్కువ గుర్తుంది.

చేవెళ్ల దగ్గర ముడిమ్యాలలో ఒకామె పురుగుమందు వాడకుండా ఆకుకూరలు పండించేది. భర్త ఒక ఇంజనీరింగ్ కాలేజీ బస్సు నడిపేవాడు. భూమి మరిదితో ఉమ్మడి. మరిదికి ఫాంహౌస్ కోసం అడిగేవాళ్లకు దాన్ని అమ్మేయాలని ఉండేది. "ఈ ఎండకాలం దాక చూడు. కూర అమ్ముడువోకుంటె నువ్వన్నట్టే సంతకం పెడత" అని ఆమె అతనికి మాట ఇచ్చింది. ఆమె ధైర్యమంతా, ఐటీ ఉద్యోగులుండే ఒక కాలనీలో ఆదివారం ఉదయం సాగే అమ్మకం. ఆ అమ్మకం కుదిర్చింది మా బృందమే.

ఒక ఆదివారం ఆ కాలనీలోనే పాలకూర కట్ట ఒకటి తీసుకుని పరీక్షించాను. పురుగుమందు ఆనవాలు కనిపించింది.

కాలనీ తరఫున వ్యవహారం చూసే ఐటీ ఉద్యోగి మండిపడ్డాడు. "పిల్లలకు పెట్టే కూరండీ ఇది! మందు లేదన్నారని తీసుకుంటున్నాం. వచ్చే వారం నుంచి రావద్దని చెప్పేయండి."

"ఒక్క కట్టతో తేల్చలేం. కొంచెం గడువివ్వండి."

"పరీక్ష చేసింది మీరే కదండీ?"

"అవును, నేనే. అందుకే ఇంకోసారి చూడాలంటున్నాను."

మొదట నా పరికరాన్నే అనుమానించాను. దాంట్లో లోపం దొరకలేదు. అప్పుడు ఊరికి వెళ్లాను. కబురు అప్పటికే ఆమె చెవిన పడింది.

"నా శెల్కల మందు కొట్టిన్నని ఎవరన్నరు మేడం? రమ్మనుండ్రి నా ముంగటికి!"

"ఎవరూ అనలేదక్కా. నేను చేను చూసుకుని పోతాను."

"చూడుండ్రి. మన్ను గూడ మూటగట్టుకపోండ్రి."

నిజంగానే మట్టి కూడా తెచ్చుకున్నాను. ఆకు నా చేత్తోనే కోశాను. బోరు నీళ్లు, కట్టలు కడిగే తొట్టి నీళ్లు సీసాల్లో పట్టాను. వేటిలోనూ ఏమీ లేదు. కాలనీకి చేరిన కట్టల్లో మాత్రం ఆనవాలు మళ్లీ కనిపించింది. పైగా అది ఆకుకూరల మీద కొట్టే మందు కాదు, పూలతోటలకు కొట్టేది. పొలానికీ కాలనీకీ మధ్య ఎక్కడో అది అంటుకుంటోంది. అక్కడితో నా శాస్త్రానికి దారి మూసుకుపోయింది.

తర్వాతి వారం తిరుగు బస్సులో ఈ చిక్కు సహచరుడికి చెప్పాను. ఆయన "మందు ఎక్కడుందని మీరు వెతుకుతున్నారు. ఎవరు ఎవరికి ఏమిస్తున్నారో చూశారా?" అన్నాడు.

ఊళ్లో ఇరుగుపొరుగు ఇచ్చిపుచ్చుకునే వస్తువుల గురించి ఆయన నెలల తరబడి అడుగుతూ ఉండేవాడు. గిన్నెలూ గంపలూ ఆరా తీయడం ఏం శాస్త్రమని నేను ఆటపట్టించేదాన్ని. ఆ ఆరాలో తేలింది ఇదీ: ఆమె పక్క చేను వాళ్లది చామంతి తోట. పూలు గోనెపట్టాల్లో గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి, ఆ పట్టాలు ఖాళీగా తిరిగొస్తాయి. వాటినే ఆమె అడిగి తెచ్చుకుని, నీళ్లలో ముంచి, ఆటోలో కట్టలు వాడిపోకుండా పైన కప్పేది. ఆయనకు తెలిసిందంతే. ఆ పట్టాలో మందు ఉందో లేదో ఆయన చెప్పలేడు. మరుసటి వారం ఒక ముక్క కత్తిరించి తెచ్చి నేను చెప్పాను: ఉంది.

తప్పు తనది కాదని తేలింది కనుక ఆమె సంతోషిస్తుందనుకున్నాను. ఆమె గడపలో కూర్చుని లెక్క చెప్పింది.

"ఇప్పుడు వాల్ల పట్టలు వద్దంటె మంచిగుంటదా? వాల్లింట్ల పెండ్లయితె నా గిన్నెలు పోతయి. నా కూరకు వాల్ల పట్టలొస్తయి. నీ పట్టకు విషమున్నదని ఎట్లనాలె మేడం?"

ఆమే లేచి, ఇంట్లోంచి ఒక పాత నూలు చీర తెచ్చి దులిపింది.

"పట్టలు ఎప్పటిలెక్కనె తెచ్చుకుంట. ఇంటికాడ అరుగు మీద పరుచుకొని కూసుంట. కూర మీద మాత్రం ఇది కప్పుత."

"దీని కొస కూడా ఒక ముక్క ఇవ్వక్కా, పరీక్షించాలి."

"అరే, నా చీరె మీద గూడ అనుమానమేనా! సారూ, ఈమెతోని ఎట్ల ఏగుతున్నవయ్యా?"

చీరలో ఏమీ లేదు. ఆ తర్వాతి ఆదివారాల కట్టల్లోనూ ఏమీ కనిపించలేదు. "మందు లేదు" అని రాసిమ్మన్నాడు కాలనీ ఉద్యోగి. "ఈ నమూనాల్లో మేము వెతికిన మందులేవీ మా పరికరానికి అందేంతగా కనిపించలేదు" అని రాసిచ్చాను.

"ఇంత మెలికెందుకండీ? ఎవరికి అర్థమవుతుంది?"

ఆమె గేటు దగ్గర తడి చీర తీస్తూ, కొనవచ్చినవాళ్లకు తనే అర్థం చెప్పింది. "మేడం మస్తు దేవులాడింది, దొరకలే. గింతే సంగతి. అయినా కడుక్కోని వండుకోండ్రి." వాళ్లు నవ్వారు. మండిపడ్డ ఉద్యోగే ముందుగా గోంగూర అడిగాడు. "పుంటికూరనా?" అంటూ ఆమె కట్ట అందించింది.

నివేదికలో సహచరుడు రాసిన "ఊరు మారింది" అన్న వాక్యాన్ని నేను కొట్టేశాను. మారిందని చూపించగలిగింది గుడ్డ ఒక్కటే. సహచరుడు నాతో మొయినాబాద్ దాకా పోట్లాడి, చివరికి ఆ గుడ్డ గురించే రాశాడు. ఇప్పటికీ ఆ దారిలో ఎక్కడైనా కూర మీద తడి చీర కనబడితే, కొస కత్తిరించుకుందామా అనిపిస్తుంది. వద్దనడానికి పక్క సీటులో ఆయన లేడు.

ఆ ఎండాకాలం చివర మేము వెళ్లేసరికి మరిది వాకిట్లో నిలబడి ఉన్నాడు. "వదినా, ఫాంహౌసోల్లు మల్లొచ్చిండ్రు, ఏం చెప్పాలె?" అని అడుగుతున్నాడు. ఆమె చామంతి వాళ్ల గోనెపట్టా పరిచిన అరుగు మీద కూర్చుని విత్తడానికి కొత్తిమీర గింజలు రెండుగా నలుపుతోంది. తల ఎత్తలేదు.

"కూర అమ్ముడువోతున్నదని చెప్పు. చెప్పొచ్చి మడికి నీల్లు కట్టు."