తూము వెయ్యడం

కోడిగుడ్డు మీద ఈకలు పీకడంలో నాకు మంచి పేరుండేది. ఎవరు ఏ ప్రోగ్రాం రాసి పంపినా తప్పు పట్టకుండా వదిలేవాణ్ణి కాదు. హైదరాబాదులో నాలుగేళ్ళు అదే పని చేసి, ఆ పొగరంతా మూటగట్టుకుని తాడేపల్లిగూడెం వచ్చిపడ్డాను. నావల్ల ఒక రైతు చెరువు ఎలా పోయిందో చెప్పాలంటే ముందు ఆ పొగరు సంగతి చెప్పక తప్పదు.

సెల్‌ఫోన్లు చెరువుగట్ల దాకా వచ్చిన కొత్తలు. ఏలూరులో మోటార్లకు వైండింగు చేసే ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆ ఇంటి అమ్మాయి ఇంజనీరింగు చదివి, చేపల చెరువులకు కంట్రోలు పెట్టె తయారుచేస్తోంది. గట్టు మీది షెడ్డులో ఉండే ఆ పెట్టెతో నీళ్ళలో గాలి కలిపే ఫ్యాన్లను తిప్పవచ్చు, కాలువ నీళ్ళు లోపలికి వచ్చే తూము పలకను లేపవచ్చు, దించవచ్చు. పెట్టె లోపల లినక్సుతో నడిచే చిన్న కంప్యూటరు బోర్డు. ఆ పనిలో నేనూ చేరాను. ప్రోగ్రాం ఆవిడ రాసేది, నేను తప్పులు చూసేవాణ్ణి. నేను "చూశాను" అని మెయిలు పెడితే తప్ప ఏదీ పెట్టెలోకి ఎక్కకూడదని నియమం పెట్టింది కూడా నేనే.

ఆ బోర్డు మెమరీలో కొన్ని చోట్లు నిజానికి మెమరీ కావు. అక్కడ ఒకటి రాస్తే బయట ఒక పిన్నుకు కరెంటు వస్తుంది, సున్నా రాస్తే పోతుంది. ఫ్యానుకొక పిన్ను, తూముకొక పిన్ను. కరెంటు వస్తే ఫ్యాను తిరుగుతుంది, తూము పలక పైకి లేస్తుంది. బోర్డును నడిపే కెర్నెల్లో ఆ రాత రాసే భాగాన్ని డ్రైవరంటారు. దానికి ఆవిడ ఒక ప్యాచ్, అంటే చిన్న మార్పు, రాసి పంపింది. పెట్టె మీది బొత్తాలకు, దాన్ని పెట్టించుకుంటున్న రైతు అడిగినట్టే "వెయ్యి", "తియ్యి" అని పేర్లు పెట్టింది. ఫ్యాను వెయ్యికి ఒకటి రాసింది. తూము వెయ్యికి సున్నా రాసింది.

నేను ముందు ఖాళీల మీద పడ్డాను. ఇక్కడ ట్యాబుకు బదులు స్పేసులున్నాయి, అక్కడ పేరు మరీ పొడుగైంది, అంటూ పేజీ నింపాను. తర్వాత ఆ సున్నా కంటపడింది. ఒకే మాటకు రెండు విలువలేమిటని నిలదీశాను. ఆవిడ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కూర్చి ఓపిగ్గా జవాబిచ్చింది. "తూము వెయ్యడమంటే మూయడం కదండీ, తలుపు వేసినట్టు. ఫ్యాను వెయ్యడం వేరు కదండీ."

నేనూ ఈ ఊళ్ళ మధ్య పుట్టినవాణ్ణే. రోజూ తలుపు వేసి, లైటు వేసుకునేవాణ్ణే. కానీ ప్యాచ్ ముందు కూర్చుంటే నా బుర్ర తెలుగులో ఉండేది కాదు. "వెయ్యి అంటే ఒకటి. తియ్యి అంటే సున్నా. పిన్నుకు తలుపులూ కిటికీలూ తెలియవు. ఆ తిరగేసిన లైను తీసెయ్యండి" అని రాశాను. "సరేనండీ" అని తీసేసింది. టేబుల్ మీద మోటార్లకు బదులు రెండు బల్బులు పెట్టి పరీక్షించాం. వెయ్యి నొక్కితే రెండూ వెలిగాయి. "చూశాను" అని మెయిలు పెట్టాను.

ఆ రైతుది కలిదిండి దగ్గర లీజు చెరువు. శీలావతి, బొచ్చె చేపలు పట్టుబడికి వచ్చి ఉన్నాయి. అంతకుముందు ఏడు పంట రోగమొచ్చి పోయింది. ఈసారీ పోతే లీజు వదులుకుని ఇంకొకరి గట్టు మీద పనికి పోవలసిందే. మా పెట్టె పెట్టాక కొన్నాళ్ళు ఫ్యాన్లకే వాడాడు, తూమును చేత్తోనే తిప్పుకున్నాడు. ఒక పొద్దున్న వానకు పక్క మురుగుకాలువ పొంగింది. ఆ నల్లనీళ్ళు లోపలికి రాకూడదని షెడ్డులోకి పరుగెత్తి, మొదటిసారి తూము బొత్తం నొక్కాడు. వెయ్యి అన్నదే నొక్కాడు. బొత్తం పక్కన దీపం వెలిగింది. పైకి లేచిన పలక నీళ్ళ అడుగున ఉంది, కంటికి కనబడలేదు. నిశ్చింతగా మేత సంచులు కట్టడానికి అవతలి గట్టుకు వెళ్ళాడు. మధ్యాహ్నానికి చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచాయి.

మర్నాడు మేమిద్దరం వెళ్ళేసరికి గట్టు పొడుగునా తెల్లటి పొట్టలు. కూలీలు వాటిని గంపలకెత్తి గోతిలో పోస్తున్నారు. తిడతాడనుకుని వెళ్ళాను. తిట్టినా బాగుండేది.

"ఏవండీ, నేను వెయ్యే నొక్కానాండీ, తియ్యి నొక్కానాండీ? మా ఇంట్లోవాళ్ళు నేనే కంగార్లో తీసేశానంటున్నారండీ. నాకూ అనుమానంగానే ఉందండీ" అన్నాడు.

"మీరు వెయ్యే నొక్కారండీ. నేను రాసిందే తిరగబడిందండీ. తప్పు నాదండీ" అంది ఆవిడ.

నా పేరెత్తలేదు. ఎత్తుతుందేమోనని ఆవిడ నోటివైపే చూశాను. అంత శవాల వాసనలో నిలబడి నేను భయపడింది దానికి! ఇప్పటికీ తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రైతు నావైపు తిరిగాడు. "మీరు చూశారు కదండీ?"

"అదొక్కటీ నా కంటపడలేదండీ" అన్నాను.

ఆయన నమ్మాడు. ఆవిడ తల వంచుకుని నిలబడింది, కాదనలేదు. ఆ తర్వాత ఆయన ఆవిడతో ఒక్క మాటా మాట్లాడలేదు. నాకు మాత్రం, అంత దూరం నుంచి ఎండనపడి వచ్చారంటూ కొబ్బరిబోండం కొట్టించి ఇచ్చాడు. తాగాను.