ఉబిన్ దీవిలో ఒక కందిరీగ, ఒక వనభోజనం

కార్తీక వనభోజనానికి పులావ్ ఉబిన్ దీవికి వెళ్తున్నానని చెప్పగానే మా ఆయన మురళి టీవీ ఆపేశారు. క్రికెట్ నడుస్తుండగా ఆయన టీవీ ఆపడం మా పెళ్ళయ్యాక అదే మొదటిసారి. "చెట్లూ పుట్టలూ తప్ప ఏమీ లేని చోటుకి నువ్వు వెళ్తావా? మతి గాని పోయిందా?" అన్నారు. మతి పోలేదు, పంతం పట్టుకుంది.

కిందటి ఏడాది మా హౌగాంగ్ ఫ్లాటు బయట, కారిడార్లో ఉన్న తులసికి నీళ్ళు పోస్తుంటే ఒక కందిరీగ నా మోచేతి మీద కుట్టింది. చిన్నప్పుడు తెనాలిలో మా పెరట్లో ఎన్నిసార్లు కుట్టించుకోలేదు, కాస్త మంట పుట్టి అదే పోతుందిలే అనుకున్నాను. మా అమ్మాయి సాహితిని ట్యూషన్‌లో దింపాలని లిఫ్టు ఎక్కాను. పన్నెండో అంతస్తు నుంచి కిందికి వచ్చేలోగా ఒళ్ళంతా దద్దుర్లు లేచి, గొంతు బిగుసుకుపోయి, పిల్ల కళ్ళ ముందే కూలబడ్డాను. పక్కింటివాళ్ళు అంబులెన్సు పిలవబట్టి బతికాను. ఇది కందిరీగ విషానికి అలర్జీ అనీ, మళ్ళీ కుడితే ఇంతకన్నా గట్టిగా రావచ్చనీ డాక్టరు చెప్పి, రెండు ఇంజెక్షన్ పెన్నులు ఇచ్చి, అవి లేకుండా గడప దాటొద్దన్నారు. నీలం మూత లాగేసి, నారింజరంగు కొసను తొడకు గట్టిగా నొక్కితే మందు లోపలికి పోతుంది. చీర మీదుగానైనా సరే.

నేను వారంలో కోలుకున్నాను. సాహితి కోలుకోలేదు. దానికి పన్నెండేళ్ళు. జనవరిలో హైస్కూల్లో చేరగానే చెట్ల మధ్య మూడు రోజుల క్యాంపు ఉంటుంది, దానికి రానని తెగేసి చెప్పింది. "నీకు అలర్జీ ఉంటే నాకూ ఉండొచ్చు, వాట్" అంటుంది, ఇక్కడి పిల్లల యాసలో. అలా అనుకోనక్కర్లేదని డాక్టరు చెప్పినా వినలేదు. నా భయం పిల్లకు ఆస్తిగా రాసివ్వడం నాకు ఇష్టం లేదు. కుట్టించుకున్న అమ్మే చెట్ల కిందికి వెళ్ళి, భోంచేసి, క్షేమంగా తిరిగొస్తే పిల్ల భయం విరుగుతుందని నా లెక్క. ఈ ఊళ్ళో కందిరీగలకు ఫలానా కాలమంటూ లేదు కాబట్టి మంచి రోజు కోసం ఎదురుచూసే పనీ లేదు.

ఆదివారం ఉదయం ఏడున్నరకు బయలుదేరాం. మా ఆయనకు ఆ రోజు ఆఫీసు పని పడింది. సెంట్లు, పూలు, పూలచీరలు వద్దన్న డాక్టరు మాట ప్రకారం బూడిదరంగు చీర, మోచేతుల కింది దాకా జాకెట్టు. అద్దంలో చూసుకుంటే వనభోజనానికి కాదు, ఆడిటింగుకి వెళ్తున్నట్టున్నాను. హౌగాంగ్‌లో రైలెక్కి సెరంగూన్‌లో ఒకసారి, పాయా లెబార్‌లో ఒకసారి మారి తనా మెరాలో దిగాం. అక్కడ రెండో నంబరు బస్సు ఎక్కి చివరి స్టాపు వరకు కూర్చుంటే చాంగీ విలేజ్. పక్క సీట్లో గాలాలూ బకెట్టూ పెట్టుకున్న చైనీస్ అంకుల్ నా చీర చూసి "ఉబిన్ ఆ? వెరీ హాట్, యూ నో" అన్నాడు. "తెలుసు అంకుల్" అన్నాను. సాహితి కిటికీలోంచి దారిలోని ప్రతి చెట్టునూ అనుమానితుణ్ణి చూసినట్టు చూస్తోంది.

తొమ్మిది కావస్తుండగా చాంగీ విలేజ్ హాకర్ సెంటర్లో, తిండికొట్ల వరసల మధ్య, సాహితి కొబ్బరిపాల జామ్ రాసిన కాయా టోస్టు తింది. నేను కోపీ, అంటే ఇక్కడి కాఫీ, మాత్రం తాగాను. ఉసిరి చెట్టుకు పూజ అయ్యేదాకా ఏమీ తినకూడదని మా నియమం. కాఫీ ఉపవాసంలోకి రాదని మా అత్తగారే తీర్మానించారు కనుక ఆ విషయంలో నాకు దిగుల్లేదు.

పడవల రేవు అక్కడికి అయిదు నిమిషాల నడక. టైమ్‌టేబుల్ ఉండదు. పన్నెండు మంది పోగైతే పడవ కదులుతుంది. మనిషికి నాలుగు డాలర్లు, నోట్లు దగ్గర ఉంచుకుంటే మంచిది. ఏటా వనభోజనానికి వచ్చే మా తెలుగువాళ్ళ బృందం అప్పటికే అక్కడ ఉంది. నలభై ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్న కమలా ఆంటీ మా అందరికీ పెద్దదిక్కు. ఒళ్ళో ఉసిరి మొక్క ఉన్న కుండీ పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. దీవిలో ఉసిరి చెట్టు దొరుకుతుందో లేదోనని ఏటా కుండీనే తీసుకెళ్తాం. మొక్క మోకాలెత్తు ఉంటుంది. దాని నీడ ఒక విస్తరి మీద కూడా సరిగ్గా పడదు, అయినా ముప్పై మందిమి ఉసిరి నీడలో భోంచేశామని చెప్పుకుంటాం.

అందరికంటే ఎత్తుగా, పులిహోర డబ్బా భుజాన పెట్టుకుని నర్సింలు నిలబడ్డాడు. కరీంనగర్ వైపు అబ్బాయి, షిప్‌యార్డులో వెల్డర్. "మస్తుగ పొద్దెక్కిందక్కా, పోదమా" అన్నాడు.

పడవ ఎక్కబోతుండగా కమలా ఆంటీ సంచిలోంచి మల్లెపూలు తీసి ఆడవాళ్ళందరికీ తలా ఒక మూర ఇవ్వడం మొదలుపెట్టారు. తెల్లవారకముందే టెక్కా మార్కెట్టుకు వెళ్ళి తెచ్చారట. నా వంతు వచ్చింది. పూలు వద్దని ఆంటీకి చెప్పాలని నోరు తెరిచాను. ముత్తయిదువ ఇచ్చిన పూలు, కార్తీక మాసంలో, అందరి ముందూ ఎలా కాదనడం? మురళిని ఎదిరించినంత తేలిగ్గా ఒక మూర మల్లెపూలను ఎదిరించలేకపోయాను. "అమ్మా, డాక్టర్ సెడ్ నో ఫ్లవర్స్, లా" అని సాహితి నా కొంగు లాగింది. "కాసేపే, పూజ అవగానే తీసేస్తాను" అని జడలో పెట్టుకున్నాను.

పది నిమిషాల్లో ఉబిన్ చేరాం. ఆ దీవి ఎంత బాగుందో ముందు చెప్పాలి, తర్వాత చెప్పే తీరిక ఉండదు. రేవు దాటితే రేకుల కప్పుల ఇళ్ళు, సైకిళ్ళు అద్దెకిచ్చే కొట్లు, చల్లని కొబ్బరిబోండాలు. పావుగంట నడిస్తే సముద్రం ఒడ్డున షెడ్డు, దాని చుట్టూ ఎత్తైన చెట్లు. ఏడాది తర్వాత ఆకుల నీడ ఒంటి మీద పడితే నాకు నిజంగా కళ్ళు చెమర్చాయి. సాహితి షెడ్డు మధ్యలో, చూరుకు దూరంగా, పెన్నులున్న నా చేతిసంచి గుండెలకు హత్తుకుని కూర్చుంది.

పదకొండుకు పూజ మొదలైంది. బెల్లం పానకం, అరటిపళ్ళు, కొబ్బరి. దీపం పెట్టి ప్రదక్షిణం చేస్తుంటే మెడ వెనక, జడ కింద చురుక్కుమంది. చేత్తో కొట్టుకుని చూస్తే ఏమీ కనబడలేదు. "ఎర్రచీమ లేమ్మా, ఈ చెట్ల నిండా అవే" అన్నారు కమలా ఆంటీ. నిజమే అనుకున్నాను. దారిలో రెండు చీమలు అలాగే కుట్టాయి కూడా.

ఇంకో ప్రదక్షిణం చేశానో లేదో తల తిరిగింది. స్తంభం పట్టుకున్నాను. అందరూ చుట్టూ చేరారు. అందరికీ ఒకే సమాధానం తెలుసు.

"ఉపవాసం కదా, నీరసం" అంది ఒకావిడ.

"వట్టి కడుపున కోపీ తాగితే ఇంతే. పానకం పట్టండి" అన్నారు కమలా ఆంటీ.

నేనూ తలూపాను. నాకూ అదే నీరసం అనిపించింది. అరచేతులు దురద పెడుతున్నాయి, నాలుక మందంగా ఉంది, అయినా ఆకలే అనుకున్నాను. ఇంట్లో పండగ పూట ఎవరు పడిపోయినా మనం ముందు అడిగేది ఏం తిన్నావని. గ్లాసు నా పెదవుల దాకా వచ్చింది.

ఆ గ్లాసు ఎగిరి అవతల పడింది. సాహితి కొట్టింది. పెద్దవాళ్ళ ఎదుట గొంతెత్తని పిల్ల అది. "ఇది ఆకలి కాదు ఆంటీ. లిఫ్టులో కూడా అమ్మ మొహం ఇలాగే అయింది. చెవులు చూడండి, ఎర్రగా ఉన్నాయి. డోంట్ గివ్ హర్ ఎనీథింగ్" అంది. అప్పటికే నన్ను నేల మీద పడుకోబెట్టి, సంచిలోంచి పెన్ను తీసి, నా కుచ్చిళ్ళు పక్కకు లాగుతోంది.

"ఆగవే, మగవాళ్ళు ఉన్నారు, చీర..." అని ఒకావిడ అడ్డం వచ్చింది.

"దెన్ ఆస్క్ దెమ్ టు టర్న్" అంది సాహితి, తలెత్తకుండానే. మగవాళ్ళందరూ సముద్రం వైపు తిరిగిపోయారు. నర్సింలు మాత్రం "నేన్ వ్యాన్ తీస్కొస్త" అని రోడ్డు మీదికి పరిగెత్తాడు.

ఇంట్లో ఆ పెన్ను ఎలా వాడాలో మా ఆయనకు నేర్పినప్పుడల్లా సాహితి గదిలోకి వెళ్ళి తలుపేసుకునేది. తలుపు సందులోంచి అంతా చూసిందని అప్పుడు తెలిసింది. నీలం మూత తీసింది. నారింజ కొసను తొడకు నొక్కి, పెదవులతో లెక్కపెడుతూ అలాగే పట్టుకుంది. పెన్ను కాస్తయినా కదల్లేదు.

మందు ప్రభావానికి గుండె దడదడలాడింది. కాసేపటికి గొంతు సడలి గాలి ఆడింది. అప్పటిదాకా గాలి ఎంత తక్కువైందో, అది తిరిగొచ్చాకే తెలిసింది. ఒకావిడ నా జడలోంచి పూలు తీసి విదిలిస్తే, సన్న నడుము, పసుపు చారలు ఉన్న కందిరీగ ఒకటి కింద పడింది. కమలా ఆంటీ దాన్ని చూసి మొహం చేతుల్లో పెట్టుకున్నారు. "నేనే కదమ్మా ఇచ్చింది" అని ఆవిడ ఏడుస్తుంటే నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

ఫోన్లో అంబులెన్సువాళ్ళు అవతలి ఒడ్డుకు వచ్చేయమన్నారు. వ్యాన్లో రేవుకు చేర్చారు. పడవవాడు పన్నెండు మంది కోసం చూడకుండా కదిలాడు. దారంతా సాహితి రెండో పెన్ను పిడికిట్లో పట్టుకుని నా మొహాన్ని చూస్తూనే ఉంది. దాని అవసరం పడలేదు. ఆసుపత్రిలో ఒక రోజు ఉంచుకున్నారు. మా ఆయన వచ్చి "నేను చెప్పానా" అంటారని కాచుకున్నాను. ఆయన మాత్రం మంచం పక్కన కూర్చుని నా కాలిబొటనవేలు పట్టుకున్నారు, అంతే.

మర్నాడు మధ్యాహ్నం డిశ్చార్జి చేశారు. టాక్సీ అన్నారు ఆయన, రైలే అన్నాను నేను. ఆసుపత్రికి దగ్గరున్న సిమెయ్ స్టేషన్లో ఎక్కాం. నా దారిన వెళ్ళదలచినవాళ్ళు నిరభ్యంతరంగా వెళ్ళండి, దీవి చాలా బాగుంటుంది. పెన్నులు రెండు ఉంచుకోండి, అవి ఎక్కడున్నాయో నలుగురికి చెప్పండి, పూలు ఇస్తే దండం పెట్టి వద్దనండి. ఇంకొక మాట, భయపడే మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్ళండి. భయం లేనివాళ్ళందరం కలిసి నాకు పానకం తాగించబోయాం.

రైలు తనా మెరా దాటాక సాహితిని అడిగాను. "ఇప్పుడు చూశావుగా, కుట్టినా బతకొచ్చు. క్యాంపుకి వెళ్తావా?"

అది తల అడ్డంగా ఊపింది. "నన్ను కుడుతుందని కాదమ్మా. నేను త్రీ డేస్ అక్కడ ఉంటే, ఇక్కడ నిన్ను కుడితే? హూ విల్ లుక్ ఎట్ యువర్ ఫేస్?"

ఏడాదిగా నేను ఆ పిల్లకు పురుగుల భయం పోగొట్టాలని చూస్తున్నాను. దానికి పురుగుల భయమే లేదు. రైల్లో ఏడవకూడదని గట్టిగా అనుకుని కూడా ఏడ్చాను. నా మాట విననట్టే ఉన్న మా ఆయన, నర్సు ఇచ్చిన సూది లేని డెమో పెన్ను నా సంచిలోంచి తీసి, సాహితి వైపు తిరిగి, "ఈసారి నువ్వు నేర్పు" అన్నారు.

పాయా లెబార్ నుంచి సెరంగూన్ దాకా ఆయన తొడ మీద ఆ పెన్ను ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు. ఎదురు సీటువాళ్ళు చూస్తున్నా పట్టించుకోలేదు. "తప్పు, మళ్ళీ. కొస అటు కాదు నాన్నా. మళ్ళీ." సెరంగూన్‌లో తలుపులు తెరుచుకుంటుండగా ఆయన ఒకసారి తడబడకుండా చేశారు. సాహితి పెన్ను తీసుకుని చూసి, తిరిగి ఆయన చొక్కా జేబులో పెట్టింది.

"ఓకే, క్యాంపుకి వెళ్తాను. బట్ రోజూ అమ్మ మొహం చూడాలి నాన్నా, ప్రాపర్‌గా" అంది. "చూస్తానమ్మా" అన్నారు ఆయన.