ఎర్ర దారం కట్టిన అనుబియాస్

2023 ఎండాకాలం. మహబూబ్‌నగర్ల నేను దుకాణం పెట్టి ఏడాది కూడ కాలే. చేపలు సుత అమ్ముత గని, నా అసలు సరుకు అక్వేరియంల పెంచే మొక్కలు. మా ఇంట్ల డిగ్రీ సదివిన మొదటి మనిషిని నేనే, అదీ బాటనీల. కాలువలు తవ్వే పనికి ఊర్లు తిరిగిన మా బాపు దుకాణం చూసి, "నీళ్లల్ల నాట్లేసుడు మీ అవ్వకు సుత ఎరుకే బిడ్డా, గీ దానికి మూడేండ్ల సదువెందుకు?" అని నవ్విండు.

గా దినాలల్లనే దేవయ్య సార్ వచ్చిండు. కరెంటు లైన్‌మన్ చేసి రిటైరైనాయన. తడిగుడ్డల చుట్టి ఒక మొక్క తెచ్చిండు. విప్పంగనే కుళ్లిన వాసన.

"జర బతికియ్యి బిడ్డా. మా మార్తమ్మది" అన్నడు. మార్తమ్మ ఆయన భార్య. ఆమె పోయి అప్పటికి ఆరు నెలలు.

అది అనుబియాస్. దానికి రైజోమ్ అని అడ్డంగ పండుకున్న కాండం ఉంటది, చూడనీకి అల్లం కొమ్ము లెక్క. ఆకులు, వేర్లు అండ్లకెల్లే వస్తయి. దాన్ని రాయికి దారంతోని కట్టి నీళ్లల్ల ఇడవాలె. పూడిస్తే కుళ్లుతది.

"ఏం చేసిండ్రు సార్?"

"తొట్టి కడుగుతుంటె దారం తెగింది. రాయి మీద ఏం బతుకుతదని ఇసుకల మంచిగ పాతిపెట్టిన, అల్లం పెట్టినట్టు. పిడికెడు పెంట ఎరువు సుత ఏసిన."

నవ్వొచ్చింది గని ఆయన మొఖం చూసి మింగిన. వ్యవసాయం ఎరిగిన చెయ్యి గట్లనే చేస్తది. బ్లేడుతోని మెత్తబడ్డ జాగంత కోసుకుంట పోయిన. పచ్చగ, గట్టిగ గోరంత ముక్క దొరికినా చిగురు తీయొచ్చు. దొరకలే.

"పోయింది సార్. గదే రకం నా దగ్గరున్నది, తీస్కపోండ్రి."

"అది నీది గద బిడ్డా" అన్నడు. "మార్తమ్మ పొద్దుగాల ఛాయ గిలాస పట్టుకొని దాని ముందట కూసునేది. నేను డ్యూటీకెల్లి రాంగనే కొత్త ఆకొచ్చిందని చెప్పేది. ఇన్నట్టు చేసేటోన్ని. ఇప్పుడు చెప్పేటోళ్లు లేరు."

పారేద్దామని ముక్క తీస్తుంటే ఒక కొసకు పాత కోత కనవడ్డది. ఎవలో ఎన్నడో సాఫ్‌గ కోసిన గుర్తు.

"ఆమె ఎవలకన్న పిలక ఇచ్చిందా సార్?"

ఆయన తల వంచుకున్నడు. "కొత్తకోటల మా మర్దలు సలోమికి ఇచ్చింది. అన్నీ కోసి పంచితే మనకేం మిగులుతదని ఆ పిల్ల ముందటనే లడాయి పెట్టుకున్న. ఇప్పుడు ఏం మొఖం పెట్టుకొని పోవాలె?"

వచ్చే ఐతారం నేనే తోడు పోయిన. సలోమి తలుపు తీసి మమ్ముల ఎగాదిగ చూసింది.

"మొక్క కోసం వచ్చినవా బావా? అక్క ఉన్నప్పుడు ఆకులు లెక్కవెట్టి లడాయి పెట్టుకున్నవు గద."

"తప్పే సలోమీ" అన్నడు ఆయన.

ఆమె మమ్ముల లోపలికి పిలిచింది. కొంగుతోని తొట్టి అద్దం తుడిచి పక్కకు జరిగింది. లోపల రాయి నిండ నల్లపచ్చటి ఆకులు. కింద రంగు వెలిసిన ఎర్ర దారం. "అక్క కట్టిందే. నేను ముట్టలే" అన్నది.

నేను బ్లేడు తీయంగనే ఆయన నా చెయ్యి పట్టుకున్నడు. "దారం తెంపకు బిడ్డా."

తెంపే అవసరమే లేదు. అనుబియాస్ మెల్లగ ముందుకు పాకుతది. వేర్లు రాయిని ఎప్పుడో పట్టుకున్నయి. రైజోమ్ దారం దాటి నాలుగు వేళ్లంత వచ్చింది. ఐదాకులతోని ముందటి ముక్క కోసిన. దారం ఉన్నకాడనే ఉన్నది. సలోమి కుట్టు మిషన్ డబ్బలకెల్లి ఎర్ర దారం తీసి ఇస్తే, ఆ ముక్కను ఇంకో రాయికి ఆయనే కట్టిండు. కరెంటు తీగలు కట్టిన చేతులు, ముడి పడక మూడు మాట్లు ఇప్పిండు.

రెండు నెలలకు ఫోన్ చేసిండు. "కొత్త ఆకు వచ్చింది బిడ్డా. ఎవలకు చెప్పాల్నో తెల్వక నీకు చేసిన."

"సలోమక్కకు సుత చెప్పుండ్రి సార్" అన్న. ఆమెకు ముందే చెప్పిండట. అయినా ఇంకొకలకు చెప్పబుద్దయ్యిందట.

మొన్న సోమారం ఆయన మళ్ల తడిగుడ్డ పట్టుకొని వచ్చిండు. ఇది సుత కుళ్లిందేమో అనుకున్న. విప్పితే మూడాకుల పిలక, కోత సాఫ్‌గ ఉన్నది. "మార్తమ్మ ఉంటే నీకు ఎప్పుడో ఇచ్చేది" అన్నడు. గా సంతోషానికే ఇయ్యాల కూసొని ఇదంత రాస్తున్న.

ఇప్పుడు ఎవలన్న పాడైన మొక్క తెస్తే, నీళ్ల సంగతి తర్వాత, ఎవలకన్న పిలక ఇచ్చిండ్రా అని ముందుగాల అడుగుత. కొత్తగ కొన్నోళ్లకు, పెరిగినంక ఒక్క ముక్కన్న ఇంకొకలింట్ల పెట్టుండ్రని చెప్త. గట్ల చెప్తే నీ దుకాణం నడుస్తదా అంటడు మా బాపు. దేవయ్య సార్ ఇచ్చిన పిలక మాత్రం అమ్మే తొట్టిల ఎయ్యలే. పొద్దుగాల నేను ఛాయ తాగే జాగల పెట్టుకున్న.