చర్చి కీబోర్డులో నేను వదిలేసిన తీగ

మా ఉదయగిరి చర్చిలో ఆ ఆదివారం కీబోర్డు వికారంగా మోగింది దాన్ని వాయించిన టీచరమ్మ వల్ల కాదు, నా వల్ల. ఈ ముక్క చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

నాకు ఆత్మకూరులో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. పని లేని ఒక మధ్యాహ్నం ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఎవరో పిల్లల బొమ్మ విప్పి, లోపలి బోర్డు మీద రెండు చోట్లను తీగతో కలుపుతున్నాడు. బొమ్మ గొంతు మారిపోతోంది. దాన్ని సర్క్యూట్ బెండింగ్ అంటారట. మా అమ్మాయి చిన్నప్పటి ఆవు బొమ్మ తెచ్చి విప్పాను. బ్యాటరీలు వేసి తడి వేలితో బోర్డంతా తడిమాను. ఒకచోట వేలు తగలగానే 'అంబా' అనాల్సిన ఆవు ముసలివాడిలా మూలిగింది. ఉలిక్కిపడి కింద పడేశాను. తర్వాత ఒక్కణ్ణే అరగంట నవ్వుకున్నాను.

కరెంటుకు తగిలించిన వస్తువు జోలికి పోవద్దనీ, పరాయివాళ్ళ వస్తువు మీద చెయ్యి వేయొద్దనీ ఆ వీడియోలోనే చెప్పారు. నేను మొదటిది మాత్రమే పాటించాను.

ఆ నెలలోనే చర్చి కీబోర్డు నా దగ్గరికొచ్చింది. ఒక మీట దిగిపోయి పైకి లేవడం లేదు. దుమ్ము తుడిస్తే సరిపోయింది. కానీ మూత తీసే ఉంది, అదీ బ్యాటరీలతో నడిచేదే. బోర్డు మీద రెండు చోట్ల మధ్య సన్నటి తీగ అతికించాను. స్వరం జారి, లోతుకు దిగి, మళ్ళీ లేచింది. ఒళ్ళు జలదరించింది. ఇంతలో ఎవరో పగిలిన ఫోన్ తెచ్చారు. తీగను మధ్యలో కత్తిరించి, తర్వాత పీకేద్దామని మూత బిగించి, మర్చిపోయాను. సాయంత్రం చర్చివాళ్ళు వచ్చి తీసుకుపోయారు.

ఆదివారం రెండో పాటలో ఆ తీగ కొనలు అదురుకు ఒకదానికొకటి తగిలి, స్వరం జారి లోతుకు దిగిపోయింది. పాడుతున్న వాళ్ళంతా నోళ్ళు తెరిచి ఆగిపోయారు. ముప్ఫై ఏళ్ళుగా వాయిస్తున్న టీచరమ్మ, చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పినామె, చేతులు పైకెత్తి మీటల వైపే చూస్తోంది. మళ్ళీ వాయించింది. మళ్ళీ అదే. మూడో వరసలో కూర్చున్న నాకు అప్పుడు గుర్తొచ్చింది, తీగ పీకలేదని.

ఆ కీబోర్డుకు ఎడమవైపు స్వరాన్ని జార్చే చిన్న చక్రం ఉంటుంది. సంఘ పెద్ద వచ్చి, "అమ్మా, నీ చెయ్యి వణికి ఆ చక్రానికి తగలతా ఉండాది. ఇంక చాల్లే, వచ్చి కూర్చో" అన్నాడు.

"నేను దాన్ని ముట్టుకోలా నాయనా."

మర్నాడు ఆయన కీబోర్డును నా కొట్టుకు తెచ్చాడు. "ఏమన్నా ఉండాదేమో చూడబ్బా, ఆమె ఒప్పుకోవడంలా." ఆయన టీ తాగి వచ్చేలోపు తీగ పీకేసి, "దీంట్లో ఏ లోపం లేదన్నా" అన్నాను. ఆ నిమిషానికి అది నిజమే. ఆ మాట నా నోట అంత తేలిగ్గా వచ్చినందుకు నాకే దిమ్మ తిరిగింది. అయినా వెనక్కి తీసుకోలేదు. ఆమె మళ్ళీ వాయించలేదు.

మొన్న ఆత్మకూరులో ఉదయగిరి బస్సెక్కితే, పక్క సీట్లో ఆమె.

"ఏందిరా, కొట్టు అప్పుడే మూసినావా? గిరాకీ లేదా, సోమరితనమా?"

"రెండూ టీచరమ్మా. మీరు ఎక్కడికి పోయొస్తున్నారు?"

"నెల్లూరికి, నరాల డాక్టరు దగ్గరికి. ఇది మూడోసారి. చేతులు బాగానే ఉండాయంటాడు." గొంతు తగ్గించింది. "చేతులు బాగుండి, కీబోర్డు బాగుండి, మరి ఆ పొద్దు అట్టెందుకు మోగిందిరా? నా మతే పోతా ఉండాదేమో. ఇంట్లో కూడా చెప్పలా."

ఆమె వాయించడం మానుకుందనే అనుకున్నాను గానీ, ఇంత భయం మోస్తోందని కలలో కూడా ఊహించలేదు. అక్కడే మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె వేళ్ళు చాపి చాలాసేపు చూసుకుంది.

"నాకు చెప్పి ఏం లాభంరా? కీబోర్డు కాడి నుంచి నన్ను లేపినోళ్ళకు చెప్పు."

మా చర్చిలో పాటల తర్వాత ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకుంటారు. తర్వాతి ఆదివారం ఆ వేళకు నేను లేచాను.

"కీబోర్డు పాడుచేసింది నేను. తీగ పెట్టింది నేనే, దొంగతనంగా తీసేసి ఏం లేదని చెప్పింది నేనే. టీచరమ్మా, మీ చేతుల్లో తప్పు లేదు, మతిలో తప్పు లేదు. రెండేళ్ళు మిమ్మల్ని మీరే అనుమానించుకునేట్టు చేసినాను. నన్ను క్షమించండి."