మేకుకు వేలాడే బిళ్ల

గోదావరిఖనిలో ఒక దవాఖాన వెనుక గదిలో మేడమ్ క్షయ సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసేవారు. నేను అక్కడ అటెండర్ని. ఏ జన్యువు మారితే ఆ జీవి మందుకు లొంగదో కనుక్కోవడం ఆమె పని. అవి గాజు పళ్లాల్లో పెరగడానికే వారాలు పట్టేవి. ఆ వారాలన్నీ ఆమెకు మాట్లాడే తోడు నేనొక్కణ్నే. నేనేమో పెద్దగా మాట్లాడేవాణ్ని కాను.

లోపలి గదిలోకి పోయేముందు ఆమె తలుపు పక్క మేకుకు ఒక ఇత్తడి బిళ్ల తగిలించేవారు. బయటికి రాగానే తీసుకునేవారు. బొగ్గుబాయిలో దిగేవాళ్ల బిళ్లలూ అంతే. షిఫ్టు అయ్యాక బిళ్ల మిగిలిందంటే మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. మేడమ్ తగిలించేది బొగ్గుబాయిలో పనిచేసిన వాళ్ల నాన్న బిళ్ల.

"ఈడ మనిద్దరమే కద మేడమ్, గిదెందుకు?" అన్నాను ఒకసారి.

"ఒక్కరన్న చూడాలె గద తమ్మీ."

ఒక ఆదివారం పెళ్లి భోజనానికి పోయే తొందరలో మేకు వైపు చూడకుండానే బయట తాళం వేసి పోయాను. ఆమె ఫోను బయటి బల్ల మీదే ఉండిపోయింది. మేకు చూడలేదని పొద్దుగూకేటప్పుడు యాదికొచ్చి ఉరికాను. ఆమె పళ్లాల ముందు అట్లాగే కూర్చుని ఉన్నారు.

"తప్పైంది మేడమ్."

"నువ్వన్న వచ్చినవ్," అన్నారు. "మా బాపు బిళ్ల రెండు షిఫ్టులు వేలాడింది. ఎవలు చూడలె."

పరిశోధన ముగిసి వేరే ఊరికి పోతూ ఆమె బిళ్లను ఆ మేకుకే వదిలేశారు. ఇప్పటికీ తాళం వేసేముందు లోపలికి పోయి చూస్తాను. గది ఖాళీగానే ఉంటుంది. బిళ్లను మాత్రం తియ్యబుద్ధి కాదు.