లేరని రాసియ్యమన్న లాయరమ్మ

మా లాయరమ్మ పోయారని కర్నూలు నుంచి ఆమె చెల్లెలు పొద్దున్నే ఫోన్ చేసింది. "నిద్రలోనే పోయింది. పక్కనే పండుకున్న నాకే తెలీలేదు," అని ఏడ్చింది. ఏడుపు కంటే ముందు నా నోట వచ్చిన మాట "హమ్మయ్య". తప్పుగా అనుకోవద్దు. చంపుతామని ఆమెను బెదిరించనివాళ్లు లేరు. కోర్టు ముందరే కారు అద్దాలు పగలగొట్టారు. అలాంటి మనిషి ముసలితనంలో, తన మంచం మీద కన్నుమూశారు. ఆమె ఆదుకున్న మేమంతా లోలోపల కోరుకున్నది అదే.

మాది కోడుమూరు దగ్గర పల్లె. ఏళ్ల కిందట దొంగతనం అనుమానం మీద నా భర్తను పోలీసులు తీసుకుపోయారు. కోర్టులో హాజరుపరచలేదు, వదల్లేదు. అడగబోతే తరిమారు. చర్చిలో ఎవరో చెబితే లాయరమ్మ ఇంటికి పోయాను. ఆమె మొదట నాకు ఉప్మా పెట్టారు. వద్దంటే, "తిను. ఆకలితో ఉంటే గొంతు లెయ్యదు. ఈపొద్దు నువ్వు గట్టిగా మాట్లాడల్ల," అన్నారు. ఆ మాటే తర్వాత ఎంతమంది ఆడవాళ్లకు చెప్పగా విన్నానో!

ఇద్దరం స్టేషన్‌కు పోయాం.

"ఈడ ఎవురూ లేరమ్మా," అన్నాడు ఎస్సై.

"లేకుంటే మేలే కదప్పా. లేరని రాసి సంతకం పెట్టియ్యి, పోతాం."

"ఏమిటికి రాయల్ల?"

"రేపు జడ్జి అడిగితే చూపీనీకి."

ఎస్సై రాయలేదు. ఆమె వరండాలో బల్ల మీద కూర్చుని, సంచిలోంచి శెనక్కాయలు తీసి ఒలుచుకుంటూ కానిస్టేబుళ్లకూ పెట్టారు. గొంతు పెంచలేదు, కదల్లేదు. ఎండ దిగాక వెనక గదిలోంచి నా భర్తను తెచ్చారు. కుంటుతున్నాడు. కానీ బతికున్నాడు.

ఆయన మీద వాళ్లు పెట్టిన కేసూ, వాళ్ల మీద లాయరమ్మ వేసిన కేసూ ఏళ్ల తరబడి నడిచాయి. ఆ మధ్యలో మైదుకూరు లాంటి దూరపు ఊళ్ల నుంచి ఏ తల్లి పోలీసులు పట్టుకుపోయిన కొడుకు కోసం వచ్చినా, పక్కన కూర్చోమని నన్ను పిలిచేవారు. చివరికి ఆయన నిర్దోషి అనీ, పోలీసులదే తప్పనీ తీర్పు వచ్చింది.

"పదండి, మహానందికి పోదాం," అన్నారు ఆమె.

"మేం చర్చికి పోయేవాళ్లం కదమ్మా!"

"మొక్కనీకి రమ్మనలే. నీళ్లలో దిగనీకి రమ్మంటి."

స్టేషన్ నుంచి వచ్చినప్పటి నుంచీ నా భర్త గొంతు గుసగుసే. ఆరోజూ కోనేటి మెట్ల మీద ఒక మూలన కూర్చున్నాడు. లాయరమ్మ చీరతోనే గుండెల లోతు నీళ్లలో దిగి, దోసెడు నీళ్లు ఆయన మీద చల్లారు.

"ఏమప్పా, చలా?"

ఆయన "అమ్మో!" అని కేక పెట్టి, పెద్దగా నవ్వాడు. అంతా తిరిగి చూశారు. కళ్లద్దాల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోకుండా, ఆమె ఇంకో దోసిలి ఎత్తుకుని నిలబడ్డారు.