నిలబెట్టి కొలిచిన కోటు

కోట వెనక సందులో ఉన్న ఆ కుట్టు దుకాణంలో తిట్లు కూడా "మీరు" అనే మొదలవుతాయి. తరతరాలుగా దర్బారు కోట్లు కుట్టిన ఇల్లది. దర్బారు పోయాక రాజులు పటాల్లోకి ఎక్కారు, కోట్లు కుట్టినవాళ్లు సందులో మిగిలారు. మర్యాద మాత్రం ఆ గడప దిగిపోలేదు. ఆ ఇంటి అమ్మాయిని సందులో అందరూ కత్తెరమ్మ అంటారు. చిన్నప్పుడు ఆమె గుడ్డ తప్పు కత్తిరిస్తే తండ్రి గొంతు పెంచకుండా, "మీ తెలివి తెల్లారినట్టే ఉందండీ" అనేవాడు. పక్కింటి పిల్లలు చెంపదెబ్బలతో తప్పించుకుంటుంటే ఆమె ఆ 'అండీ'తో రోజంతా కుమిలేది. ఇప్పుడు అదే మాట గుర్తొస్తే గర్వంగా ఉంటుంది.

ఆ దుకాణానికి ఇంకెక్కడా లేని పద్ధతి ఒకటుంది. మనిషిని ముందుకు వంచి కొలతలు తీస్తారు. దర్బారులో బతుకంతా వంగడమే కదా. వంగినప్పుడు కాలరు లేవకూడదు, వీపున గుడ్డ పట్టేయకూడదు. ఆ కోటుతో నిటారుగా నిలబడితే వీపు మీద వదులుగా వేలాడుతుంది. నిటారుగా నిలబడే పని ఎవరికీ పడలేదు గనక ఎవరూ పట్టించుకోలేదు.

ఈ ఏడు కోటను బాగుచేసి జనానికి తెరుస్తున్నారు. దర్బారులో పనిచేసిన కుటుంబాలన్నీ దర్బారు దుస్తుల్లో పెద్ద వాకిలి గుండా రావాలని రాజుగారి మనవడు కబురు పంపాడు.

తండ్రి నవ్వాడు. "మనకెక్కడివండీ ఆ దుస్తులు? కుట్టేవాళ్లం. చొక్కాతో వెళ్లి పక్క వాకిలి దగ్గర నిలబడతాను."

కత్తెరమ్మకు ఒళ్లు మండింది. ఎవరెవరి వీపుల కోసమో కళ్లు అరగదీసుకున్న మనిషి ఒక్కసారైనా ఆ వాకిలి గుండా నడవాలి. "మీకు నేను కుడతాను" అంది.

కాజాలు కుడుతున్న మేనత్త సూది ఆపలేదు. "కుట్టండి తల్లీ. అన్నయ్య కోటు తొడగడం చూశాక నేను పోయినా ఫరవాలేదు. ఎలాగూ నవ్వి నవ్వే పోతాను."

టేపు భుజాన పడగానే తండ్రి అలవాటుగా వంగాడు.

"నిటారుగా నిలబడండి నాన్నా."

"కొలత తప్పుతుందండీ."

"తప్పితే నాది."

మళ్లీ వంగాడు. ఆమె మళ్లీ భుజం పట్టి లేపింది.

"గోడకు మేకు కొట్టి తగిలిస్తే గానీ కుదరదు" అంది మేనత్త.

కాలరు, లైనింగు, చేతుల అంచులు అన్నీ పాత పద్ధతే. వీపు మాత్రం కత్తెరమ్మ సొంతం. తండ్రి తొడుక్కుని అద్దం ముందు వంగబోయాడు. సగంలోనే వీపు బిగుసుకుంది.

"ఇందులో వంగడం ఎలాగండీ?"

"వంగొద్దు."

"రాజుగారి మనవడి ముందు కూడానా?"

"ఆయన ముందే."

తండ్రి కోటు విప్పి, మడిచి, బీరువాలో పెట్టాడు. "మా తాత పద్ధతి చెరిపేయమని మీ చేతికి కత్తెర ఇవ్వలేదండీ" అన్నాడు. అప్పుడూ గొంతు పెంచలేదు. వెళ్లి తన మిషను ముందు కూర్చున్నాడు.

కోట తెరిచే రోజు పొద్దున ఆమె లేచి వచ్చేసరికి తండ్రి ఆ కోటు తొడుక్కుని, గుండీలన్నీ పెట్టుకుని గడపలో ఉన్నాడు.

"వీపున ఒక్క ముడత లేదు" అన్నాడు ఎటో చూస్తూ. "రెండద్దాలు పెట్టి చూసుకున్నాను."

ఇద్దరూ పెద్ద వాకిలి గుండానే వెళ్లారు. హాల్లో వరసగా నిలబడ్డవాళ్లు, రాజుగారి మనవడు దగ్గరికి వస్తుంటే ఒక్కొక్కరే నడుం దాకా వంగారు. తమ వంతు వచ్చింది. తండ్రి చేతులు జోడించాడు. కదల్లేదు. "నమస్కారమండీ" అన్నాడు, దర్బారులో అనవలసినంత మెల్లగా, కళ్లలోకి చూస్తూ.

మనవడు ఆగాడు. తనూ చేతులు జోడించాడు. "తమరు ఎవరి తాలూకు?"

"కోట్లు కుట్టేవాళ్లమండీ. తమరి కాలరు వెనక లేస్తోంది."

ఆయన చెయ్యి మెడ మీదికి పోయింది. "అవునా? సరిచేస్తారా? రేపు కబురు చేస్తాను, కోటకు రండి."

"కోటకు వచ్చి కుట్టడం మానేశామండీ" అన్నాడు తండ్రి, అంతే మెల్లగా. "తమరే దుకాణానికి దయచేయండి. మా అమ్మాయి ఉంటుంది."